ఒకటిన్నర జీబీ గారికి, ఉభయకుశలోపరి

ఎర్రముక్కపల్లి,
కడప.

మహారాజశ్రీ రోజువారీ ఒకటిన్నర జీబీ మొబైల్ డేటా గారి సముఖమునకు, ఒక ప్రీపెయిడ్ వినియోగదారుడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం మాత్రం సాయంత్రం నాలుగింటి తర్వాత తెలియడం లేదు. పొద్దున సగం పోయారని ఒక మెసేజ్ వస్తుంది. మధ్యాహ్నం 90 శాతం పోయారని ఇంకొకటి. ఆ తర్వాత పూర్తిగా పోయారని మూడోది. మా బంధువుల్లో ఎవరూ తమ ఆరోగ్యం గురించి ఇంత శ్రద్ధగా కబురు చేయరు.

నువ్వేం చూస్తావు, ఏం చదువుతావు, ఏం వింటావు అని ఎవరైనా అడిగితే ఇకమీదట తమరి అడ్రసు ఇద్దామనుకుంటున్నాను. పొద్దున ఆరున్నరకు, తమరు నిండుగా ఉన్నప్పుడు, నేను ప్రపంచ విషయాల మీద ఆసక్తి గల మనిషిని. అంతరిక్షం మీద, ఆఫ్రికా ఏనుగుల మీద ముప్పావుగంట వీడియోలు మంచి బొమ్మలో చూస్తాను. ఆఫీసు చేరేసరికి బొమ్మ స్పష్టత తగ్గించుకొని 480పీకి దిగుతాను. దాంట్లో కూడా గంటకు దాదాపు అర జీబీ పోతుంది కాబట్టి, గంటసేపు మాట్లాడే మేధావులంటే నాకు సరిగ్గా అప్పుడే విసుగు పుడుతుంది. భోజనం వేళకు 144పీ. అందులో క్రికెట్ చూస్తే బంతి కనబడదు. గ్యాలరీలో జనం లేచి నిలబడ్డారంటే ఏదో జరిగిందని అర్థం చేసుకోవాలి. మూడున్నరకల్లా అసలు వీడియోలు చూడ్డమే పనికిమాలిన అలవాటనే అభిప్రాయానికి వచ్చేస్తాను. నాలుగు దాటితే నేను సాహిత్యాభిమానిని.

నిజం. తమరు పోయాక కంపెనీవాళ్లు దయతలచి వదిలే 64 కేబీపీఎస్‌లో నడిచేది అక్షరం ఒక్కటే. సెకనుకు ఎనిమిది కిలోబైట్లు. ఆ వేగంతో తమరంత డేటా దించుకోవాలంటే నిద్రాహారాలు మాని కూర్చున్నా రెండు పగళ్లూ రెండు రాత్రులూ దాటుతుంది. ఈ ధారను చూపించే ప్యాక్ పేరు పక్కన ‘అన్‌లిమిటెడ్’ అని రాసుకుంటారు. ఆ వేళప్పుడు వాట్సాప్‌లో ఫొటో వస్తే మసకగా ఒక ముద్ద కనబడుతుంది, దాని మధ్యలో గుండ్రం తిరుగుతూ ఉంటుంది. మా మేనకోడలి బిడ్డ బారసాల నాడు మా చిన్నమామ అలాంటి ముద్దను కాసేపు చూసి, ‘బిడ్డ అచ్చం వాళ్ల నాయన పోలికే’ అని గ్రూపులో పెట్టేశాడు. రాత్రి తెరుచుకుంటే అది భోజనాల దగ్గర తీసిన అరిటాకు ఫొటో.

ఇక నేను. ఫొటోలు రావు, వీడియోలు రావు కాబట్టి సాయంత్రాలు కథలు చదువుతాను, ఎవరైనా పద్యం పెడితే చదువుతాను. మా పేటలోనే ఉన్న సీపీ బ్రౌన్ గ్రంథాలయం మెట్లెక్కింది కూడా ఇట్లాంటి సాయంత్రమే. బ్రౌన్ దొర బంగళా ఉండిన చోటే దాన్ని కట్టారు. 1820ల్లో కడపకు వచ్చిన ఆయన, సొంత డబ్బుతో పండితులను పెట్టుకొని తాటాకు ప్రతులు సేకరించి, సరిచూయించి, కాగితం మీద నకళ్లు రాయించాడు. ఆ కాలంలో ఒక కావ్యం చదవాలంటే కవి గొప్పవాడైతే చాలదు, నకలు రాసేవాడి చెయ్యి ఖాళీగా ఉండాలి. ఎవరి పుస్తకం నకలుకు నోచుకుంటే అదే జనం ఇష్టం. చూశారా, తమరి ఉద్యోగం చాలా పాతది.

మా అమ్మ విషయం వేరే రాయాలి. మా అమ్మకు ఫోన్ కావలసింది రెండు పనులకే. ప్రొద్దుటూరులో ఉండే మా అక్కతో మాట్లాడ్డానికి ఒకటి, మాట్లాడింది చాలలేదని మళ్లీ మాట్లాడ్డానికి ఇంకొకటి. కానీ అప్పట్లో కాల్స్ ఉన్న ప్యాక్ ఏది చూసినా తమరు దానికి అంటుకునే ఉండేవారు. కాల్స్, మెసేజ్‌లకు మాత్రమే విడిగా ప్యాక్ ఇచ్చి తీరాలని టెలికాం కంపెనీలను అదుపు చేసే ట్రాయ్ చెప్పింది 2024 డిసెంబరులో. అప్పటికే మా అమ్మ చేతిలో తమరు స్థిరపడిపోయారు. మొదట్లో ఆమె తమరిని ముట్టుకోలేదు. ఒకరోజు మా అబ్బోడు, ‘జేజీ, నీది దినామూ ఒకటిన్నర జీబీ ఊరికే పోతాంది’ అన్నాడు. అంతే. రెండు రోజులకొకసారి కుళాయి వచ్చే ఊళ్లో బతికిన మనిషి ఆమె. నీళ్లు వచ్చినప్పుడు అవసరం ఉందా లేదా అని ఎవరూ ఆలోచించరు, ఇంట్లో ఉన్న బిందెలన్నీ నిండాలి. ‘దుడ్లు కట్టినాం కదరా, పోగొట్టుకుంటామా’ అని ఆ రోజే యూట్యూబ్ తెరిపించుకుంది.

తెరిచి ఏం చూసింది? రాగిసంగటి చేసే వీడియో. జీవితమంతా సంగటి కెలికిన మనిషి, కళ్లు మూసుకొని చేయగల మనిషి, కళ్లద్దాలు పెట్టుకొని వేరెవరో సంగటి చేస్తుంటే చూసింది. చూసినంతసేపూ తిట్టింది. ‘పిండి పోసి పోయకముందే కెలుకుతాంది చూడు. కాసేపు ఉడకనీయకపోతే ఉండలు కట్టదా? ఎవరు నేర్పించినార్రా ఈ అమ్మికి?’ తిట్టుకుంటూనే చివరిదాకా చూసింది కాబట్టి, ఈమెకు సంగటి చేయడం రాదని ఫోను నిశ్చయించుకుంది. మరుసటి రోజు నుంచి సంగటి తప్ప ఇంకొకటి చూపిస్తే ఒట్టు. కుక్కర్లో సంగటి, ఐదు నిమిషాల్లో సంగటి, పిల్లలు మారాం చేయకుండా తినే సంగటి. ఆమె రోజూ కూర్చొని ఒక్కొక్కరినీ సరిదిద్దుతోంది. అక్కతో మాటలు తగ్గాయి. ఫోన్ చేస్తే, ‘ఉండమ్మీ, ఇది అయిపోనీ’ అంటోంది. అక్క నన్ను అడిగింది, అమ్మకు ఏమైందిరా అని. ఒకటిన్నర జీబీ అయింది అన్నాను.

అట్లని మమ్మల్ని శాసించిన మొదటి దొర తమరేనని మిడిసిపడొద్దు. మా జేజినాయన కాలంలో రేడియో వినాలంటే లైసెన్సు ఉండాలి. ఏడాదికొకసారి పోస్టాఫీసుకు పోయి రుసుము కట్టి, పుస్తకంలో ముద్ర వేయించుకొని వచ్చి, అప్పుడు దర్జాగా పాట వినాలి. 1980లలో ఎత్తేసేదాకా అదే పద్ధతి. కడప ఆకాశవాణి కేంద్రం వచ్చింది 1963లో. మీడియం వేవ్ 900 కిలోహెర్ట్జ్. జేజినాయనకు నచ్చేది ఏమిటయ్యా అంటే, ముల్లు ఆగిన చోట వచ్చేది. చెనిక్కాయ పంటకు తెగుళ్ల మందు చెప్పినా వినేవాడు, కచేరీ వచ్చినా వినేవాడు. రెండూ ఆయనకు అంతో ఇంతో అర్థమయ్యేవి. పదింటికి నచ్చకపోతే పదిన్నరకు నచ్చేది రావచ్చు, అందాకా కూర్చోవాలి. కర్ణాటక సంగీతం అంటే మా వీధి పెద్దలకు ఉండిన గౌరవంలో సగం, వేరే స్టేషన్ సరిగా పట్టకపోవడం వల్ల వచ్చినదని నా అనుమానం.

టీవీ కూడా మా రాష్ట్రానికి మొదట వ్యాలిడిటీతోనే వచ్చింది. 1975 ఆగస్టులో అమెరికా ఉపగ్రహం ఒకదాన్ని అడిగి తెచ్చుకొని, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు ఇస్రో, దూరదర్శన్ వాళ్లు టీవీ చూపించారు. ఏడాది తిరిగేసరికి ఉపగ్రహం ఇచ్చినవాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది. రీఛార్జ్ చేసుకునే సౌకర్యం లేదు. 1987లో ఆదివారం పొద్దున రామాయణం వచ్చిననాటి సంగతులు అందరికీ తెలిసినవే, యాంటెన్నా తిప్పిన చేతులతో సహా, కాబట్టి వదిలేస్తున్నాను. 2019లో కొత్త నిబంధనలొచ్చి, పన్నుతో కలిపి 153 రూపాయలకు వంద ఛానళ్లు, మిగతావి ఏరుకొని డబ్బు కట్టండి అన్నప్పుడు మాత్రం మా ఇంట్లో ఒక కథ జరిగింది. మా జేజి చూసే సీరియల్ ఉన్న ఛానల్ ఒక పొద్దున పోయింది. ఆ సీరియల్లో కోడలికి విషం కలిపిన పాలు ఇవ్వబోతున్నారు. గ్లాసు చేతిలో ఉండగానే తెర నల్లబడింది. ఏం చేయాలి? జేజి ఒక పూట దిగులు పడింది. మర్నాడు ఉచితంగా వచ్చే ఇంకో ఛానల్లో ఇంకో కోడలిని చూసుకుంది. వారం తిరక్కుండానే ఈ అమ్మాయి కష్టాలకు కూడా అంతే కన్నీళ్లు. పాత కోడలు బతికిందో లేదో ఇప్పటికీ మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

తమరికంటే ముందు కొన్నాళ్లు మమ్మల్ని ఏలింది మాత్రం ఒక సెల్ షాపు కుర్రవాడు. అప్పట్లో నెలంతటికీ కలిపి ఒక జీబీ కొనాలన్నా 200 పైచిలుకు పెట్టాలి. అంత పోసి పాట దించుకునేవాడు ఎవడు? రెండు జీబీ మెమొరీ కార్డు తీసుకుపోయి వాడి చేతిలో పెట్టి, పాటలు ఎక్కించమని బెంచీ మీద కూర్చునేవాళ్లం. వాడి కంప్యూటర్లో ఫోల్డర్లు ఉండేవి. ‘దేవుడివి’, ‘కొత్తవి’, ‘లవ్ ఫెయిల్యూర్’, ‘పెద్దోళ్లవి’. పెద్దోళ్లవి అంటే ఘంటసాల. ఏవి కావాలన్నా అని అడిగేవాడు గానీ జవాబు వినేవాడు కాదు. కార్డు నిండేదాకా తనకు నచ్చినవి తోసేవాడు. వాడికి అప్పట్లో ప్రేమలో ఏదో దెబ్బ తగిలింది. దాంతో ఆ చుట్టుపక్కల ఆటోలన్నీ ఏడాదిపాటు ఏడ్చాయి. కూరగాయల ఆటో, స్కూలు ఆటో, ఆసుపత్రికి పోయే ఆటో, దేంట్లో ఎక్కినా విరహమే. కడప కుర్రాళ్ల సంగీతాభిరుచి మీద ఎవరైనా పరిశోధన చేస్తే ముందు వాడిని కలవాలి. ఇప్పుడు వాడికి ఇద్దరు పిల్లలు, టెంపర్డ్ గ్లాసులు అతికిస్తున్నాడు.

2016 సెప్టెంబరులో జియో వచ్చి, మరుసటి ఏడాది మార్చి దాకా ఊరికే ఇచ్చింది. ఆ పోటీలోనే అన్ని కంపెనీలూ నెల లెక్క వదిలి రోజు లెక్కకు వచ్చాయి. తమరి అవతారం అప్పటిది. పోనీలే, మునుపటి దొరలకంటే తమరు ఉదారులు, ఒప్పుకుంటాను. కానీ వాళ్లకూ తమకూ ఒక తేడా ఉంది. జేజినాయన లైసెన్సు ఒకటే అయినా అరుగు మీద కూర్చున్నవాళ్లంతా వినేవాళ్లు. షాపు కుర్రవాడి విరహాన్ని ఆటోలో ఉన్న ఐదుగురూ పంచుకునేవాళ్లు. తమరు ఒక్కొక్కరికీ విడిగా వస్తారు, చెవిలో ఇయర్‌ఫోన్‌తో, స్క్రీన్ లాక్‌తో. మా ఇంట్లో ఐదుగురం అన్నం ముందు కూర్చొని ఐదు వేర్వేరు లోకాల్లో ఉంటాం. కారం ఎక్కువైందని చెప్పడానికి కూడా ఎవరో ఒకరు వీడియో ఆపాలి.

ఇంతవరకూ నవ్వుతూ రాశాను. ఈ తర్వాతిది కొంచెం కోపంగా రాస్తున్నాను.

ఒక రాత్రి తొమ్మిదిన్నరకు మా బంధువుల గ్రూపులో మెసేజ్ వచ్చింది. ‘రేపటి నుంచి మూడు రోజులు పెట్రోల్ బంకులు బంద్. అందరికీ పంపండి.’ అంతే, ఒక్క కిలోబైటు కూడా ఉండదు. 64 కేబీపీఎస్‌లో అది రెప్ప వేసే లోపల దిగుతుంది. పది నిమిషాలకు ఎవరో బుద్ధిమంతుడు దానికి జవాబు పెట్టాడు, అధికారి ఒకరు ‘బంద్ ఏమీ లేదు, నమ్మొద్దు’ అని మాట్లాడిన వీడియో. 20 ఎంబీ. ఆ వేగంలో దానికి నలభై నిమిషాలు పైనే పడుతుంది, అదీ మధ్యలో తెగకుండా ఉంటే. మా చిన్నమామ గుండ్రం తిరుగుతుంటే ఎంతసేపని చూస్తాడు? బండి తీసి, ఒక ఖాళీ క్యాన్ కూడా పట్టుకొని బయల్దేరాడు. బంకు దగ్గర అప్పటికే ఊరంతా ఉంది. అందరి కోటాలూ సాయంత్రానికే అయిపోయిన మనుషులు. లైనులో నిలబడి ఒకరికొకరు ఆ మెసేజే చూపించుకుంటున్నారు. నీకూ వచ్చిందా, నాకూ వచ్చింది, అయితే నిజమే.

రాత్రి పన్నెండయింది. తమరు మళ్లీ పుట్టారు. లైనులో ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. వీడియో తెరుచుకుంది, అధికారి మాట్లాడాడు. అందరూ విన్నారు. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ‘ఇంతసేపు నిలబడినాం, పోయించుకొనే పోదాం ల్యా’ అన్నాడు ఒకాయన. ఒక్కరూ లైను వదల్లేదు. మామ ఇంటికి వచ్చేసరికి ఒంటిగంట. అబద్ధం కిలోబైట్లలో, నిజం మెగాబైట్లలో వస్తున్నంత కాలం, మా మామకు లోకజ్ఞానం లేదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. పొద్దున ఆరున్నరకు అడగండి, ఆయన కూడా ప్రతి మెసేజ్‌నూ అనుమానిస్తాడు.

హాట్‌స్పాట్ అనే చేబదులు గురించి కూడా తమరికి తెలియాలి. పక్కింటికి పోయి చక్కెర అడగడానికి ఇప్పుడెవరూ మొహమాటపడరు. ‘అన్నా, అర్ధగంట హాట్‌స్పాట్ వేస్తావా, అబ్బోడికి హాల్ టికెట్ దించాల’ అనడానికి మాత్రం గొంతు తగ్గుతుంది. ఇచ్చేవాడు కూడా ఫోను చేతిలో పట్టుకొని పక్కనే నిలబడతాడు, హాల్ టికెట్ తర్వాత వీడు రీల్స్‌కు పోతాడేమోనని. కలెక్టరేట్ వైపు ఒక జిరాక్స్ షాపులో ‘అప్పు రేపు’ అని పాత బోర్డు ఉంటుంది. దాని కింద ఇప్పుడు స్కెచ్ పెన్నుతో ‘హాట్‌స్పాట్ ఎల్లుండి’ అని రాశారు. ఫైబర్ తీగ ఉన్న ఇళ్లు వేరే కులం. 2017 చివర్లో రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా 149 రూపాయలకు వచ్చిన నాటి నుంచి, వైఫై ఇళ్ల పిల్లలు ‘సిరీస్ చూశావా’ అంటారు, ప్యాక్ ఇళ్ల పిల్లలు ‘క్లిప్ చూశావా’ అంటారు. ఒకే కథ. ఒకడు పది గంటలు చూశాడు, ఇంకొకడు దాని చావు సీన్ మాత్రం చూశాడు. ఇద్దరికీ కథ మీద అభిప్రాయం ఉంది, రెండోవాడిది గట్టిగా ఉంది.

బెంగళూరులో ఉండే మా చిన్నాయన కొడుకు పోయిన పండక్కి వచ్చి మాకు హితబోధ చేశాడు. మీరు చిన్న వీడియోలకు బానిసలైపోయారు, ఏకాగ్రత పోయింది, నేను ఆదివారాలు డిజిటల్ ఉపవాసం ఉంటాను, మీరూ ఉండండి అన్నాడు. వాడి ఇంట్లో గోడకు లైట్లు మినుకుమినుకుమనే డబ్బా ఒకటి, ఆఫీసు ఇచ్చిన ఫోనులో ఇంకో కనెక్షన్. కడుపునిండా ఉన్నవాడి ఏకాదశి వేరు. మేము దినామూ నాలుగింటికి ఉపవాసం మొదలుపెడుతున్నాం, ఎవరూ మెచ్చుకోవడం లేదు.

ఇక నా మొర. తమరి నెలకు 28 రోజులు. ఏడాదికి పన్నెండు జీతాలు, పదమూడు రీఛార్జులు. 30 రోజుల ప్యాక్ ఒకటి, ప్రతి నెలా అదే తేదీకి వచ్చేది ఒకటి ఉంచాలని ట్రాయ్ 2022లోనే ఆదేశించింది. ఉన్నాయి కూడా. యాప్‌లో కిందికి, ఇంకా కిందికి, బొటనవేలు నొప్పి పుట్టేదాకా తోస్తే దొరుకుతాయి. 2024 జులైలో ప్రైవేటు కంపెనీలన్నీ ధరలు పెంచినప్పుడు తమరు కూడా లావెక్కుతారేమో అని చూశాను, ఎక్కడి ఒకటిన్నర అక్కడే. పెంచడం కుదరకపోతే పోనీ, మా నాయన వాడకుండా వదిలేసేదాన్ని మామకు మార్చే మార్గమైనా చూడండి. ఆయన రోజూ పేపర్ అక్షరం వదలకుండా చదివి, ఫోన్‌లో పంచాంగం చూసి పడుకుంటాడు. ఆ మిగిలినదాంట్లో ఒక 20 ఎంబీ తొమ్మిదిన్నరకు మామకు చేరి ఉంటే ఆ క్యాన్ పెట్రోల్ ఇప్పటికీ మా మెట్ల కింద ఉండేది కాదు. ఇంకొకటి. ఫోనులోనే ఎఫ్ఎం రేడియో ఉంటే తమరితో పని లేకుండా పాట వినొచ్చు. కొత్త ఫోన్లలో దాన్ని తీసేస్తున్నారని, ఉంచమని కేంద్రం 2023లో తయారీదారులకు సలహా ఇచ్చింది. మా అబ్బోడికి కొన్న ఫోనులో వెతికాను, లేదు. తమరి పలుకుబడి అక్కడ కూడా పనిచేసిందా అని ఒక చిన్న అనుమానం.

ఇట్లు,
వ్యాలిడిటీ ఉన్నంతవరకు తమ విధేయుడు.

తా.క.: బెంగళూరు తమ్ముడు ఈ పండక్కి కూడా వస్తున్నాడు. నిన్న ఫోన్ చేసి, ‘ఏమన్నా, ఇంట్లో వైఫై పెట్టించినావా లేదా’ అని అడిగాడు. శనివారం వచ్చి సోమవారం పోతాడట, మధ్యలో ఆదివారం ఉంది కదరా అన్నాను. ‘అది ఊర్లో ఉన్నప్పుడు లెక్కకు రాదులే’ అన్నాడు. రెండు డేటా బూస్టర్లు వేయించి పెడుతున్నాను, ఆ ఖర్చు తమరి ఖాతాలో రాసుకోవలెను.